కుక్క కడుపులో పుండు మానేదాకా నొప్పి మాత్ర ఎందుకు ఆపాలి?

పుండు మానేదాకా నొప్పి మాత్ర ఆపమని మారతహళ్ళిలో మీ వెట్ చెప్పింది సరైనదేనండి. మీ ముసలి లాబ్రడార్‌కి కీళ్ళనొప్పి మాత్ర ఇంకా వేస్తే పుండు మానదా అన్నదే కదా మీ ప్రశ్న?

ఈ మాత్రలు కాక్స్ అనే ఎంజైమ్‌ను అడ్డుకుని, నొప్పిని పెంచే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారు కాకుండా చేస్తాయి. ఆస్పిరిన్ ఇలా పనిచేస్తుందని బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ వేన్ 1971లో చూపారు. నొప్పి తగ్గేది అందుకే. కానీ కడుపు గోడను కాపాడే జిగురు పొరకూ, అక్కడి రక్తప్రసరణకూ ఆ ప్రోస్టాగ్లాండిన్లే ఆధారం.

పుండు పుట్టడం ఒక ఎత్తు, మానడం ఇంకో ఎత్తు. ఎలుకల కడుపు గోడకు ఎసిటిక్ ఆమ్లంతో పుండు చేసి, రోజూ ఇండోమెథాసిన్ అనే ఇదే రకం నొప్పి మందు ఇస్తే అది మానడం ఆలస్యమైంది. పుండు అంచున కొత్త కణాలు, రక్తనాళాలు పెరగడానికి కాక్స్ ఎంజైమ్‌లో ఒక రకమైన కాక్స్-2 తోడ్పడుతుంది. అందుకే కడుపుకు సేఫ్ అని పేరున్న, ముఖ్యంగా కాక్స్-2నే అడ్డుకునే మందులు కూడా ఎలుకల్లో మానుదలను వెనక్కి లాగాయి. ఆ 'సేఫ్' అన్న మాట పుండు లేని కడుపుకే ఎక్కువ వర్తిస్తుందని నా అభిప్రాయం.

ఒమెప్రజోల్ ఇస్తున్నారు కదా, యాసిడ్ తగ్గుతుంది. అలాగని నొప్పి మాత్ర మళ్ళీ మొదలుపెట్టకండి. ఇంట్లో ఉన్న ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్ అసలే వద్దు. నాప్రోక్సెన్ కుక్క ఒంట్లో మనకన్నా చాలా ఎక్కువసేపు నిలుస్తుంది.