ఓడిపోయే జట్టును నడుపుతానంటున్న మేనకోడలికి

చి. హారికకు మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్లాను మొత్తం చదివాను. మన బేస్‌బాల్ జట్టు పైరేట్స్‌ను నీ చేతికిస్తే మూడేళ్లలో ప్లేఆఫ్స్‌కు తీసుకెళ్తానని రాశావు. పిట్స్‌బర్గ్‌లో పుట్టి పెరిగినదానివి, నీకు ఆ కోపం ఉండటంలో తప్పేమీ లేదు. మన పిచర్ (క్రికెట్‌లో బౌలర్‌లాంటివాడు) పాల్ స్కీన్స్ 2025లో, ఫీల్డర్ల పొరపాట్ల వల్ల వచ్చినవి తీసేస్తే, తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున రెండు పరుగులు కూడా ఇవ్వలేదు. ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు ఏకగ్రీవంగా అతనికే వచ్చింది. అయినా అతని ఖాతాలో గెలుపులు పది, ఓటములు పది! మన బ్యాటింగ్ గురించి ఇంతకంటే చెప్పేదేముంది? మన స్టేడియం పీఎన్‌సీ పార్కులో జనం "జట్టు అమ్మెయ్" అని అరుస్తున్నారంటే ఊరికే అరవడం లేదు.

మేజర్ లీగ్‌కు కింద కుర్రాళ్లు ఆడే మైనర్ లీగ్ జట్టు ఆఫీసులో ఇన్నేళ్లు జమాఖర్చులు చూసినవాణ్ణి కాబట్టి నన్ను అడిగావు. నీ లెక్కలు బాగున్నాయి, గ్రాఫులు ఇంకా బాగున్నాయి. కానీ అన్ని పేజీల్లో ఓనర్ అన్న మాట ఒక్కచోటా కనబడలేదు. ఎవరిని కొనాలో రాశావు, ఎవరిని పంపెయ్యాలో రాశావు. ఆ డబ్బు ఎవరిదో, ఆయన ఎంతకాలం ఓపిక పడతాడో రాయలేదు. ఆటగాళ్లను ఎంచి జట్టును కట్టే జనరల్ మేనేజర్ (జీఎం) ఉద్యోగం మొదలయ్యేదే అక్కడ.

మీ నాన్నతో కూర్చుని ఐపీఎల్ వేలం చూస్తావు కదా. 2025 వేలానికి పది జట్లకూ తలా 120 కోట్ల పర్సు ఇచ్చారు. సన్‌రైజర్స్‌కైనా ముంబైకైనా అంతే. మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో అలాంటి కట్టడి లేదు. ఒక గీత ఉంటుంది, దాటితే పన్ను కడతారు, అంతే. 2025లో ఆ గీత 24 కోట్ల 10 లక్షల డాలర్లు. డాడ్జర్స్ దాన్ని లెక్కచెయ్యరు, పైరేట్స్ దాని దరిదాపులకు పోరు. రెండు జట్ల జీతాల బిల్లు పక్కపక్కన పెడితే మూడు రెట్లకు పైగా తేడా. ఆటగాళ్ల యూనియన్‌తో ఒప్పందం 2026 డిసెంబర్ 1తో ముగుస్తుంది. అప్పుడు జీతాల పరిమితి మీద పెద్ద గొడవే జరుగుతుందని నా అంచనా. అది తేలేదాకా, ఇంటర్వ్యూకి పిలిచిన ఓనర్‌ను ముందు నువ్వే ప్రశ్నలు అడగాలి. ఏడాదికి ఎంత ఇస్తారు? జులైలో మనం పోటీలో ఉంటే ఇంకో ఆటగాణ్ణి తెచ్చుకోవడానికి పైన ఎంత? డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు ఒకదాని తర్వాత ఒకటి కొత్తవాళ్లను ఎంచుకునేటప్పుడు, కుర్రాళ్లకిచ్చే బోనస్ డబ్బు జోలికి రానని మాటిస్తారా? ఈ మూడోది నేను ఊరికే అనడం లేదు.

2007 జూన్ డ్రాఫ్ట్‌లో ఎంచుకునే వరుసలో పైరేట్స్‌ది నాలుగో స్థానం. మాట్ వీటర్స్ అనే మంచి క్యాచర్ (వికెట్‌కీపర్‌లాంటివాడు) అందుబాటులో ఉన్నాడు, కానీ ఖరీదు ఎక్కువ. అతన్ని వదిలేసి డేనియల్ మాస్కోస్ అనే పిచర్‌ను తీసుకున్నారు. వెంటనే ఐదో స్థానంలో బాల్టిమోర్ ఓరియోల్స్ వీటర్స్‌ను పట్టుకుని 60 లక్షల డాలర్ల బోనస్ ఇచ్చింది. అతను నాలుగుసార్లు ఆల్‌స్టార్ అయ్యాడు. మాస్కోస్ మేజర్స్‌లో ఆడింది ఒక్క సీజన్. ఇది చాలదన్నట్టు, అదే ఏడాది జులై 31న, ట్రేడ్ గడువు ముగిసే రోజు, అప్పటికే ఫామ్ పోయిన మాట్ మోరిస్ అనే పిచర్‌ను తెచ్చుకున్నారు, కోట్లలో ఉన్న అతని జీతంతో సహా. అదీ చివరి స్థానంలో కొట్టుమిట్టాడుతున్న జట్టు! మరుసటి ఏప్రిల్‌లో అతన్ని పంపించేశారు. వీటర్స్ దగ్గర మిగిల్చిన డబ్బు రెండు నెలలు తిరక్కుండానే ఎక్కడికి పోయిందో చూశావా? డబ్బు లేక ఓడిపోయామని అందరూ అంటారు. ఉన్న డబ్బు ఎక్కడ పెట్టాలో తెలియకపోవడం దానికంటే పెద్ద జబ్బని నాకనిపిస్తుంది.

1993 నుంచి 2012 దాకా వరుసగా 20 సీజన్లు గెలుపులకంటే ఓటములే ఎక్కువ. ఉత్తర అమెరికా నాలుగు పెద్ద లీగుల్లో ఇంకే జట్టుకూ లేని రికార్డు ఇది. నీ ప్లానులో "మొదటి రెండేళ్లు ఓడిపోయినా ఫర్వాలేదు, మంచి డ్రాఫ్ట్ పిక్స్ వస్తాయి" అన్న చోట నేను ఆగిపోయాను. హ్యూస్టన్ ఆస్ట్రోస్‌ను చూసి రాసి ఉంటావు. 2011 నుంచి మూడేళ్లలో 106, 107, 111 మ్యాచ్‌లు ఓడారు, 2017లో వరల్డ్ సిరీస్ (లీగ్ ఫైనల్) గెలిచారు. ఆ గెలుపు మీద ఎదుటి జట్టు సైగలు దొంగిలించిన మచ్చ పడి, 2020లో జీఎం ఉద్యోగమే పోయిన సంగతి వేరే కథ. కానీ పైరేట్స్ అంతకంటే ఎక్కువ కాలం ఓడారు కదా, వాళ్లకేం వచ్చింది? 2002లో మొట్టమొదటి పిక్ వాళ్లదే. తీసుకున్న బ్రయన్ బులింగ్టన్ పేరు నువ్వు విని కూడా ఉండవు. పైగా ఇప్పుడు రూల్స్ మారాయి. 2023 డ్రాఫ్ట్ నుంచి మొదటి ఆరు స్థానాలకు లాటరీ తీస్తున్నారు, వరుసగా లాటరీ పిక్స్ రాకుండా ఆంక్షలున్నాయి. షికాగో వైట్ సాక్స్ 2024లో 121 మ్యాచ్‌లు ఓడి కూడా తర్వాతి డ్రాఫ్ట్‌లో పదో స్థానంతో సరిపెట్టుకుంది. కాబట్టి ఆ పేజీ తీసెయ్. ఓడే ఏళ్లలో ఎవరికి ఏం నేర్పిస్తావో, ఏ కుర్రాడికి ఎన్ని ఇన్నింగ్స్ ఇస్తావో అది రాయి.

ఇక అసలు పని. నీ గోడ మీద ప్లేయర్ల పోస్టర్లు తీసి క్యాలెండర్ పెట్టు. ఆటగాడు మేజర్స్‌లో అడుగుపెట్టిన రోజు నుంచి లెక్క మొదలవుతుంది. మొదటి మూడేళ్లు దాదాపు కనీస జీతమే, 2025లో అది 7 లక్షల 60 వేల డాలర్లు. తర్వాత ఆర్బిట్రేషన్ (మధ్యవర్తి తీర్పు) కింద ఏటా పెరుగుతుంది. ఆరేళ్లు నిండితే ఎక్కడికైనా పోవచ్చు. పేద జట్టుకు బతుకంతా ఆ ఆరేళ్లలోనే. స్కీన్స్ 2024 మేలో వచ్చాడు, అయినా ఉత్తమ కొత్త ఆటగాడికిచ్చే రూకీ ఆఫ్ ద ఇయర్ గెలిచాడు కాబట్టి పూర్తి ఏడాది కింద లెక్క కట్టారు. కొత్త కాంట్రాక్టు కుదరకపోతే 2029 సీజన్ తర్వాత అతను ఫ్రీ. "స్కీన్స్‌ను ఎవరికీ ఇవ్వను" అని అభిమాని రాసుకోవచ్చు, జీఎం రాసుకోకూడదు. ఏ ఏడాదిలోగా జట్టు గెలవాలి, గెలవకపోతే ఏ నెలలో అతన్ని ట్రేడ్ చెయ్యాలి, బదులుగా ఏం అడగాలి, ఇవి నీకు ఇప్పుడే తెలిసి ఉండాలి. రాసేటప్పుడు కళ్లనీళ్లు వస్తే రానీ.

అభిమాని మనసుతో ట్రేడ్ చేస్తే ఏమవుతుందో 2018లో చూశాం. జులైలో పైరేట్స్ వరుసగా 11 మ్యాచ్‌లు గెలిచింది. ఊరంతా ఊగిపోయింది. ఆ ఊపులో గడువు రోజున టాంపా బే నుంచి క్రిస్ ఆర్చర్‌ను తెచ్చుకోవడానికి టైలర్ గ్లాస్నో, ఆస్టిన్ మెడోస్, షేన్ బాజ్ ముగ్గురినీ ఇచ్చేశారు. మన గుళ్లో ప్రసాదం తింటూ జనం చప్పట్లు కొట్టారు, నీకు గుర్తుండే ఉంటుంది. రెండేళ్లకు టాంపా వరల్డ్ సిరీస్ ఆడింది, గ్లాస్నో అక్కడే ఉన్నాడు. మనవాళ్లు అడుగున ఉన్నారు.

గెలిచిన కథ కూడా చెప్పాలి కదా. 2013 జట్టు గురించి మీ నాన్న ఆండ్రూ మెకచెన్ ఒక్కణ్ణే పొగుడుతాడు. అతను ఎంవీపీ (ఆ ఏడాది అత్యుత్తమ ఆటగాడు), పొగడాల్సిందే. కానీ ఆఫీసువాళ్లు చేసిన పని రెండు చోట్ల ఉంది. అంచు మీద పడ్డ బంతిని అంపైర్‌కు స్ట్రైక్‌లా (సరిగా పడ్డ బంతిలా) కనబడేట్టు పట్టుకునే నేర్పున్న క్యాచర్‌కు అప్పట్లో మార్కెట్లో తగిన ధర లేదు. రసెల్ మార్టిన్‌ను రెండేళ్లకు కోటి 70 లక్షల డాలర్లకు తెచ్చుకున్నారు. ఇంకోటి, బ్యాటర్ బంతిని ఎటు కొడతాడో లెక్కగట్టి ఫీల్డర్లను అటు జరిపారు. 94 మ్యాచ్‌లు గెలిచారు. అక్టోబర్ 1న సిన్సినాటి పిచర్ క్వేటో పేరును స్టేడియమంతా సాగదీసి అరుస్తుంటే అతని చేతిలో బంతి జారిపోయింది, వెంటనే మార్టిన్ హోమ్ రన్ కొట్టాడు. ఆ వీడియో నువ్వు ఎన్నిసార్లు చూశావో నాకు తెలుసు. అయితే ఆ తెలివి ఎక్కువకాలం వాళ్ల సొత్తుగా లేదు. అందరూ నేర్చేసుకున్నారు, 2023లో ఫీల్డర్లను అలా జరపడం మీద ఆంక్షలే వచ్చాయి, 2026 నుంచి బాల్-స్ట్రైక్ తీర్పును మెషిన్‌తో సవాలు చేయొచ్చు. నీ ప్లానులో ఉన్న ఉపాయాలన్నీ మిగతా 29 జట్లకు ఇప్పటికే తెలిసినవి. తెలియనిది ఒక్కటి వెతుకు, చాలు.

పాత్రికేయులూ అభిమానులూ కలిసి నడిపితే పోలా అని ఒకచోట సరదాగా రాశావు. అదీ జరిగింది. 1951 ఆగస్టులో సెయింట్ లూయీ బ్రౌన్స్ ఓనర్ బిల్ వెక్, అభిమానులకు 'యెస్', 'నో' అట్టలు పంచి, ఆ మ్యాచ్‌లో ఎత్తులన్నీ వాళ్ల ఓటుతోనే వేయించాడు. బ్రౌన్స్ 5-3తో గెలిచింది కూడా! ఆ సీజన్ మొత్తం మీద మాత్రం 102 ఓడింది, ఇంకో రెండేళ్లకు ఊరే వదిలి బాల్టిమోర్ వెళ్లిపోయింది.

ఎలా మొదలుపెట్టాలి అంటే, కింద నుంచే. 28 ఏళ్లకే బోస్టన్ జీఎం అయిన థియో ఎప్‌స్టీన్‌ను నువ్వు ఉదాహరణగా రాశావు. నేను కిమ్ ఆంగ్‌ను చూడమంటాను. వైట్ సాక్స్‌లో ఇంటర్న్‌గా చేరింది, జీతాల ఆర్బిట్రేషన్ కేసులు వాదించి పేరు తెచ్చుకుంది, ఏళ్ల తరబడి ఇంటర్వ్యూలకు వెళ్లి తిరిగొచ్చింది, చివరికి 2020 నవంబర్‌లో మయామీ మార్లిన్స్ జీఎం అయింది. మేజర్ లీగ్‌లో ఆ కుర్చీలో కూర్చున్న మొదటి మహిళ. 2023లో ఆ జట్టును ప్లేఆఫ్స్‌కు తీసుకెళ్లింది. అయినా తన నెత్తిన ఇంకొకరిని పెట్టాలని ఓనర్ అనుకోవడంతో బయటికొచ్చేసింది. ఓనర్ సంగతి మొదటే ఎందుకు ఎత్తానో చూశావా.

స్పానిష్ వెంటనే నేర్చుకో. మేజర్ లీగ్ ఆటగాళ్లలో నలుగురిలో ఒకరికి పైగా అమెరికా బయట పుట్టినవాళ్లు, డొమినికన్ రిపబ్లిక్ వాళ్లే అందరికంటే ఎక్కువ. పైరేట్స్ అకాడమీ కూడా అక్కడే ఎల్ తోరోలో ఉంది. ఇంటి మీద బెంగతో ఉన్న పదిహేడేళ్ల కుర్రాడితో అనువాదకుడి ద్వారా మాట్లాడితే వాడికి నువ్వు ఆఫీసరువే. స్కౌట్లతో కూర్చో, వాళ్లు రాడార్ గన్ పక్కన పెట్టి ఏం చూస్తారో అడుగు, నీ కోడింగ్ గురించి మాట్లాడకు. బేస్‌బాల్ సావంట్, రెట్రోషీట్‌లో డేటా ఉచితంగానే దొరుకుతుంది, దానితో పని చెయ్యి, కానీ చూపించేటప్పుడు ఒక్క పేజీ దాటకు. జీఎంలకు చదివే తీరిక ఉండదు.

కుర్రాణ్ణి పిలిచి ఇక నీ అవసరం లేదని చెప్పడం కూడా ఈ ఉద్యోగమే. 2008లో రింకూ సింగ్, దినేశ్ పటేల్ అని మన దేశం నుంచి ఇద్దరు జావెలిన్ కుర్రాళ్లను పైరేట్స్ సంతకం చేయించుకుంది. ఇద్దరూ మేజర్స్ దాకా రాలేదు. ఎంత దూరం వచ్చారు పాపం. అలాంటివాళ్లకు ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని చెప్పాలి. ఆ రోజు నువ్వే చెప్పు, కిందివాళ్ల చేత చెప్పించకు.

మీ అమ్మ నాకు ఫోన్ చేసింది. జీతం గురించే టెన్షన్. మొదట్లో నీ క్లాస్‌మేట్లకు వచ్చేదానిలో సగం కూడా రాకపోవచ్చు, సీజన్‌లో పండగా పబ్బం ఉండవు. అది నేను ఆమెకు దాచకుండా చెప్పాను. ఒప్పించే పని నీది.

ప్లాను ఒక్క పేజీలో తిరగరాసి పంపు. ఏడాదికి ఎనిమిది కోట్ల డాలర్లే ఇస్తారనుకుని రాయి. ఏప్రిల్‌లో ఆల్టూనాలో పైరేట్స్ డబుల్-ఏ (మైనర్ లీగ్) జట్టు మ్యాచ్‌కు వెళ్దాం. టిక్కెట్లు నేను తీస్తాను, డ్రైవింగ్ నీది.

ఆశీస్సులతో,
మావయ్య