ఇ.ఎఫ్. 30 అన్నారు, ఆనాటి నుంచి నిద్ర లేదు

ప్రశ్న: నా వయసు 69. ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టారుగా పనిచేసి పదవీ విరమణ చేశాను. నాలుగు నెలల క్రితం ఆయాసం, కాళ్ళ వాపు వచ్చి ఆసుపత్రికి వెళితే ఎకో పరీక్ష చేసి 'హార్ట్ ఫెయిల్యూర్' అన్నారు. ఇ.ఎఫ్. 30 శాతం ఉందట. ఆ మాట విన్నప్పటి నుంచి నాలో రూపాయికి 30 పైసల ప్రాణమే మిగిలిందన్న లెక్క మనసును వదలడం లేదు. మందులతో వాపు తగ్గింది, మెట్లు నెమ్మదిగా ఎక్కగలుగుతున్నాను. అయినా నిద్రలోనే పోతానేమోనన్న భయంతో వసారాలో పడక కుర్చీలో కూర్చుని తెల్లవార్చుతున్నాను. రోజూ కాలవ గట్టున మూడు కిలోమీటర్లు నడిచేవాడిని. ఇప్పుడు మా ఆవిడ వీధి చివర నుంచి పాల ప్యాకెట్ కూడా తేనివ్వడం లేదు. ఆవకాయ జాడీ అటకెక్కింది. అమెరికాలో ఉన్న మా అబ్బాయికి ఫోనులో 'బాగున్నాను' అనే చెబుతున్నాను. చావు మాట ఎత్తితే చాలు, మా ఆవిడ 'అపశకునం మాటలొద్దు' అంటూ లేచి వెళ్ళిపోతుంది. ఇది గుండె జబ్బా, మనసు జబ్బా? నేనేం చేయాలి?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: మాస్టారూ, ముందు మీ లెక్కను సరిచేద్దాం, ఎందుకంటే మీ నిద్ర చెడగొడుతున్నది చాలావరకు ఆ లెక్కే. ఇ.ఎఫ్. (ఎజెక్షన్ ఫ్రాక్షన్) అంటే ప్రాణంలో ఇంత శాతం మిగిలిందని కాదు. గుండె ఎడమ కింది గది నిండినప్పుడు అందులో ఉన్న రక్తంలో, ఒక్కసారి ముడుచుకున్నప్పుడు ఎంత భాగం బయటికి వెళుతుందో చెప్పే సంఖ్య అది. ఆరోగ్యవంతుల గుండె కూడా నూటికి నూరు పాళ్ళూ ఖాళీ చేయదు; సుమారు 55 నుంచి 70 శాతం మాత్రమే పంపుతుంది. కాబట్టి మీ 30ని పోల్చవలసింది 100తో కాదు, 60తో. పిల్లలు శాతం లెక్క తప్పినప్పుడు 'దేనిలో శాతమో ముందు చూడరా' అని మీరు ఎన్నిసార్లు చెప్పి ఉంటారో! ఇది చిన్న జబ్బని నేను అనడం లేదు. కానీ మీరు నాలుగు నెలలుగా భయపడుతున్న ఆ అంకెకు మీరనుకున్న అర్థం లేదు.

ఈ జబ్బు పేరు కూడా నాకు నచ్చదు. పరీక్షలో ఫెయిలైనట్టు, గుండె ఆగిపోయినట్టు వినిపిస్తుంది. నిజానికి గుండె శరీరానికి కావలసినంత రక్తాన్ని అందించలేక అలసిపోతున్నదని మాత్రమే దాని అర్థం. మీలాంటి ఇ.ఎఫ్. ఉన్నవారికి నేడు నాలుగు వర్గాల మందులు కలిపి ఇస్తున్నారు. వాటిలో మధుమేహం కోసం తయారైన ఒక వర్గం మాత్రలు మధుమేహం లేని గుండె రోగులకు కూడా మేలు చేస్తాయని 2019లో రుజువైంది. ఈ మందులు సరైన మోతాదుకు చేరి కొన్ని నెలలు గడిచాక చాలామందిలో ఇ.ఎఫ్. పెరుగుతుంది. అందరికీ పెరుగుతుందని మాట ఇవ్వలేను గాని, మళ్ళీ ఎకో ఎప్పుడు చేయాలో మీ వైద్యుణ్ణి తప్పక అడగండి. ఇంకొక సంగతి: గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు మొదలుపెట్టిన తొలి వారాల్లో నీరసం కలుగుతుంది. దాన్ని జబ్బు ముదరడంగా భావించి మాత్ర మీ అంతట మీరు మానకండి.

ఇక రాత్రి సంగతి. మీ భయానికి ఆధారం లేదని తోసిపుచ్చను, ఎందుకంటే ఈ జబ్బులో వెల్లకిలా పడుకుంటే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి నిజంగానే ఆయాసం రావచ్చు. అయితే నీటి వల్ల వచ్చే ఆయాసాన్ని, భయం వల్ల వచ్చే ఆయాసాన్ని వేరుచేసే సాధనం మీకు అందుబాటులోనే ఉంది: తూకం యంత్రం. పొద్దున్నే మూత్ర విసర్జన చేసి, కాఫీ తాగకముందు, రోజూ ఒకే రకం బట్టల్లో నిలబడి బరువు చూసి పుస్తకంలో తేదీతో రాసుకోండి. మూడు రోజుల్లో రెండు కిలోలకు మించి పెరిగినా, చీలమండలు ఉబ్బినా, నిన్న ఒక దిండు చాలినవారికి నేడు మూడు కావలసి వచ్చినా అది నీటి పని. వైద్యునికి ఫోను చేయాలి. అకస్మాత్తుగా ఊపిరాడకపోయినా, ఛాతీ నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా 108కి ఫోను చేయించండి. బరువు నిలకడగా ఉండి, వాపు లేకుండా, మంచం వైపు చూడగానే గుండె దడదడలాడితే మాత్రం అది చాలావరకు భయమే. అప్పుడు తల వైపు ఎత్తుగా దిండ్లు అమర్చుకుని పడుకుని, తాటాకు విసనకర్రతో ముఖం మీదికి, ముక్కు దగ్గరికి గాలి తగిలేలా మెల్లగా విసురుకోండి. ముఖానికి చల్లగాలి తగిలితే ఆయాసం అనిపించడం తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. రాత్రంతా కుర్చీలో కాళ్ళు వేలాడదీసి కూర్చుంటే మాత్రం వాపు మళ్ళీ మొదలవుతుంది.

గుండె జబ్బా, మనసు జబ్బా అని అడిగారు. రెండూ కావచ్చు. ఈ జబ్బు ఉన్న ప్రతి ఐదుగురిలో సుమారు ఒకరికి చికిత్స అవసరమైన కుంగుబాటు ఉంటుంది. నీరసం, నిద్రలేమి, ఆకలి తగ్గడం గుండె వల్ల కూడా వస్తాయి కనుక వాటిని బట్టి తేల్చుకోలేం. ఇష్టమైన పనులపై ఆసక్తి పోవడం, ఎవరికీ అక్కరకు రాననిపించడం, చచ్చిపోతే బాగుండుననిపించడం వంటివి రెండు వారాలకు మించి ఉంటే మానసిక వైద్యుని దగ్గరికి వెళ్ళాలి. వాడుతున్న గుండె మందుల చీటీ చూపించాలి, ఎందుకంటే కుంగుబాటుకు ఇచ్చే కొన్ని పాత మాత్రలు ఈ గుండెకు పడవు. కదల్లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ 14416కి ఏ వేళనైనా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

2010లో వెలువడిన ఒక పరిశోధన నా మనసులో నిలిచిపోయింది. గుండె వైఫల్యంతో పాటు కుంగుబాటు ఉన్నవారిలో సగం మందికి కుంగుబాటుకు వాడే సెర్ట్రలిన్ మాత్ర, మిగతా సగానికి మందులేని మాత్ర ఇచ్చారు. రెండు వర్గాలకూ నర్సులు అండగా నిలిచారు. రెండు వర్గాలూ ఇంచుమించు సమానంగానే కోలుకున్నాయి. మాత్రలు పనికిరావని దీని అర్థం కాదు, అవసరమైతే వైద్యులు ఇస్తారు. కానీ పట్టించుకుని మాట్లాడే మనిషి ఉండడానికి ఎంత విలువ ఉందో నాకు ఇందులో కనిపిస్తుంది. మీ ఇంట్లో లోపించింది అదే. మీరు అబ్బాయి దగ్గర దాస్తున్నారు, మీ శ్రీమతి తన భయాన్ని మీ దగ్గర దాచి దాన్ని జాగ్రత్తల రూపంలో చూపిస్తున్నారు. మీ గొంతులోని మార్పు అబ్బాయికి తెలియదనుకోకండి. ఈ ఆదివారం ఉన్నది ఉన్నట్టు చెప్పి, మందుల జాబితా సరిచూసే పని అతనికి అప్పగించండి. దూరాన ఉన్న బిడ్డకు చేయడానికి ఒక పని దొరికితే అతనికీ ఊరట.

ఆవకాయ విషయంలో మాత్రం మీ శ్రీమతి పక్షమే నాది. రోజు మొత్తానికి ఉప్పు ఐదు గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాకు మించకూడదు. ఊరగాయ, అప్పడం, వడియాలు పళ్ళెంలోకి వస్తే ఆ హద్దు నిలవదు. నిమ్మరసం, జీలకర్ర, వెల్లుల్లితో రుచి తెచ్చుకోండి. సోడియం తక్కువని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది, మీ మందులతో కలిస్తే ప్రమాదం కావచ్చు కనుక వైద్యుణ్ణి అడగకుండా వాడవద్దు.

చావు గురించి మాట్లాడాలనుకోవడం అపశకునం కాదు. తనంత తానుగా నిర్ణయం చెప్పలేని స్థితిలో తనకు ఎలాంటి చికిత్స కావాలో, ఏది వద్దో ముందే రాసిపెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 2018లో గుర్తించి, 2023లో ఆ పద్ధతిని సులభం చేసింది. ఇద్దరు సాక్షుల సంతకాలతో నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరిస్తే సరిపోతుంది. రాసినా రాయకపోయినా, ఆ మాట ఒక్కసారి బయటికి వచ్చాక రాత్రుళ్ళు తేలికపడిన వారిని నేను చూశాను.

మీ శ్రీమతికి ఈ చివరి పేరా చదివి వినిపించండి. అమ్మా, ఈసారి వైద్యుని దగ్గరికి మీరూ వెళ్ళి, ఆయన ఎంత దూరం నడవవచ్చో మీ చెవులతో వినండి. నిలకడగా ఉన్న రోగికి మాట్లాడుతూ నడవగలిగేంత నడక మేలే చేస్తుంది, దిగులును కూడా కొంత తగ్గిస్తుంది. వైద్యుడు సరే అంటే మర్నాటి నుంచి ఆ అర లీటరు పాల ప్యాకెట్ ఆయన్నే తేనివ్వండి. మొదటి వారం మీకు ధైర్యం చాలకపోతే ఆయన వెంట వెళ్ళండి, సంచీ మాత్రం ఆయన చేతిలోనే ఉండనివ్వండి.