చెన్నైలో ఉండి తెలుగు ఈపీ విడుదల చేయాలంటే? ముందు పోస్టర్ మీద తేదీ తీసేయండి

"ఐదు సొంత పాటలున్నాయి, ఇంట్లోనే పాడి ఈపీగా వదలాలి. వచ్చే నెల అని పోస్టర్ కూడా వేశాను. చెన్నైలో ఉంటాను, లేబుల్ ఉంటే మంచిదా?" అని ఒక గాయని అడిగారు. ఈపీ అంటే ఆల్బమ్ కన్నా చిన్న పాటల కట్ట.

లేబుల్, అంటే పాటలు విడుదల చేసే మ్యూజిక్ కంపెనీ, సంగతి చివర్లో చెప్తాను. ముందు ఆ తేదీ తీసేయండి. మాస్టర్లు (విడుదలకి సిద్ధమైన తుది ఆడియో ఫైళ్లు) చేతికి రాకముందే తేదీ ప్రకటించిన ఈపీ ఏదీ బాగుపడదు. ఆ తేదీ కోసం కోత పడేది ఎప్పుడూ గొంతు రికార్డింగ్‌కే.

అసలు పని అక్కడే ఉంది. ట్యూన్‌ని ఇంగ్లీషో తమిళమో డమ్మీ మాటలతో కడతారు. ఆ మాటలు చాలావరకు హల్లు దగ్గర ఆగిపోతాయి. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది కాబట్టి లైను చివర ఒక అక్షరం ఎక్కువొస్తుంది. పాడేవాళ్లు దాన్ని మింగేస్తారు, పాట డబ్బింగ్ పాటలా తయారవుతుంది. ఆ అక్షరానికి ముందే ఒక స్వరం ఇవ్వండి, లేదా లైనులో ఒక మాట తగ్గించండి. మైకు ముందు నిలబడ్డాక చూద్దాం అంటే కుదరదు.

మైకు వెనక ఫోమ్ ముక్కలు అంటించడం దండగ. కార్డియాయిడ్ (ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే) మైకు మీ వైపు చూస్తుంది; మీ వీపు వెనకున్న గోడ నుంచి తిరిగొచ్చే శబ్దమే అందులో పడుతుంది. రెండు మందపాటి బొంతలు ఆ గోడకి వేలాడదీయండి. నోటికీ మైకుకీ జానెడు దూరం, మధ్యలో పాప్ ఫిల్టర్. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్. లెవెల్ సగటున -18 డీబీ దగ్గర ఉండాలి, గొంతెత్తినచోట కూడా -6 డీబీ దాటకూడదు. పాడేటప్పుడు ఏసీ, ఫ్యాను రెండూ ఆపాలి, చెన్నైలో ఇది నరకమే. గదిని ముందే బాగా చల్లబరిచి ఒక పల్లవి, ఒక చరణం పాడి, మళ్లీ ఏసీ వేసుకోండి. కండెన్సర్ మైకుకి తేమ పడితే చిటపట మొదలవుతుంది. వాడనప్పుడు సిలికా జెల్ సంచులతో గాలి చొరని డబ్బాలో పెట్టండి.

ఒక్కో పాట మొదటినుంచి చివరిదాకా నాలుగైదు టేకులు పాడి, మంచి ముక్కలు ఏరి అతికించండి. పల్లవికి రెండు డబుల్స్ (అసలు గొంతుకి తోడుగా అదే లైను మళ్లీ పాడిన టేకులు) విడిగా పాడి ఎడమకొకటి, కుడికొకటి పెట్టండి. వాటిలో స, శ, చ లను బాగా తగ్గించాలి, లేకపోతే ఒక్కో 'స' మూడుసార్లు బుసకొడుతుంది. ఆటోట్యూన్ (శృతిని దానంతటదే సరిచేసే సాఫ్ట్‌వేర్) వేగాన్ని సున్నాలో పెట్టి, గమకాన్ని మెట్లుమెట్లుగా విరగ్గొట్టి, దానికి 'పాప్ సౌండ్' అని పేరుపెట్టడం నాకు ఒళ్లుమంట. తప్పిన స్వరాన్ని మాత్రం మెలోడైన్ అనే సాఫ్ట్‌వేర్‌లో చేత్తో సరిచేస్తే చాలు.

చెన్నైలో ఉన్నందుకు ఒక లాభం మాత్రం వాడుకోండి. వడపళని, సాలిగ్రామం చుట్టుపక్కల వయొలిన్, ఫ్లూట్ వాయించే సెషన్ కళాకారులు దొరుకుతారు. ఒక్క పాటకైనా శాంపిల్ బదులు మనిషిని పిలవండి. శృతి, టెంపో, క్లిక్‌తో గైడ్ ట్రాక్ ముందురోజే పంపండి. డబ్బిచ్చేటప్పుడే వాడుకోవడానికి సమ్మతి రాతలో తీసుకోండి.

మాస్టరింగ్‌కి మిక్స్ పంపేటప్పుడు మాస్టర్ ఫేడర్ మీద లిమిటర్ (శబ్దాన్ని ఒక హద్దు దాటకుండా నొక్కే ప్లగిన్) ఉండకూడదు. ఐదు పాటలూ ఒకే ఇంజనీరుకి ఒకేసారి ఇవ్వండి. స్పాటిఫై ఎలాగూ -14 లఫ్స్‌కి (చెవికి వినిపించే బిగ్గరతనం కొలత) దించుతుంది, అతిగా నొక్కించుకుని లాభం లేదు. ట్రూ పీక్ (శబ్దం చేరే అసలు గరిష్ఠ స్థాయి) -1 డీబీ దగ్గర ఆపమనండి. ఇన్‌స్ట్రుమెంటల్స్ (గొంతు లేని వెర్షన్లు) కూడా అప్పుడే తీసుకోండి, ఏడాది తర్వాత ప్రాజెక్ట్ తెరిస్తే సగం ప్లగిన్లు పలకవు.

పాటల్ని స్పాటిఫై లాంటి యాప్‌లకి చేర్చే సంస్థ డిస్ట్రిబ్యూటర్. దాని అప్‌లోడ్ ఫారంలో తిరస్కరణలన్నీ చిన్న విషయాలకే. కవర్ 3000 x 3000 పిక్సెళ్లు, దాని మీద ఇన్‌స్టా ఐడీ, వెబ్ చిరునామా ఉండకూడదు. రచయిత, స్వరకర్త పేర్లు పూర్తిగా రాయాలి, ముద్దుపేర్లు పనికిరావు. మీ పేరుతోనే ఇంకో గాయని ఉంటే పాటలు ఆమె పేజీలోకి పోతాయి, అందుకే మీ ఆర్టిస్ట్ ప్రొఫైల్ లింకు ఇవ్వండి. ఐదింటిలో ఏదైనా ఇదివరకే సింగిల్‌గా వదిలి ఉంటే పాత ఐఎస్‌ఆర్‌సీ నంబరు (ఒక్కో రికార్డింగ్‌కి ఇచ్చే గుర్తింపు సంఖ్య), అదే ఆడియో ఫైలు, అదే స్పెల్లింగ్ వాడాలి. కొత్త నంబరు తీసుకుంటే పాటని ఎన్నిసార్లు విన్నారన్న లెక్క సున్నా నుంచి మొదలు. లూపులు (కొనుక్కునే రెడీమేడ్ సంగీత ముక్కలు) వాడిన పాటకి యూట్యూబ్ కంటెంట్ ఐడీ (పాటని ఇతరుల వీడియోల్లో గుర్తుపట్టే ఏర్పాటు) పెట్టకండి, అదే లూపు కొన్న ఇంకొకరితో తగాదా తప్పదు. మొత్తం నిడివి 30 నిమిషాల లోపు ఉంచండి, దాటితే ఆల్బమ్ కింద లెక్క.

ఇప్పుడు తేదీ. మాస్టర్లు, కళాకారుల సమ్మతి సంతకాలు, కవర్ మూడూ చేతికొచ్చిన రోజు నుంచి నాలుగు వారాలు వదిలి, ఆపై వచ్చే శుక్రవారం పెట్టుకోండి. 2015 నుంచి ప్రపంచమంతా విడుదల రోజు అదే. ప్లేలిస్టులు కూర్చే స్పాటిఫై ఎడిటర్లకి ఈపీలో ఒక్క పాటే పంపగలరు, అదీ కనీసం 7 రోజుల ముందు. ఏ పాటో ముందే తేల్చుకోండి.

లేబుల్ అంటారా, ఐదు పాటలకి అక్కర్లేదు, డిస్ట్రిబ్యూటర్ చాలు. ఎవరైనా వస్తే మాస్టర్ హక్కులు (రికార్డింగ్ మీద హక్కులు) శాశ్వతంగా రాసివ్వకండి, కొన్నేళ్ల లైసెన్స్ అయితే మాట్లాడండి. రచయిత, స్వరకర్తల రాయల్టీ వాటా వదులుకున్నట్టు రాయించుకుంటే 2012 కాపీరైట్ సవరణ ప్రకారం చెల్లదు. పాటలు విడుదలయ్యాక, రచయితలకీ స్వరకర్తలకీ రాయల్టీ వసూలు చేసే సంస్థ ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వానికి దరఖాస్తు పెట్టి, వాటిని నమోదు చేయించుకోండి.