ఒకటో తారీఖు లేని నెలలు

ప్రశ్న: మాది పలాస. ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ పొందాను. మా అమ్మాయి బెంగళూరులో ఒక పెద్ద టెక్ కంపెనీలో నాలుగేళ్ల ఏడు నెలలుగా ఇంజినీరు. ఆ ఉద్యోగం మానేసి, ఇక్కడి జీడిపప్పును సొంత పేరుతో ఆన్‌లైన్‌లో నేరుగా ఇళ్లకు అమ్ముతానంటోంది. నా రిటైర్మెంటు డబ్బులోంచి పది లక్షలు ఇద్దామనుకుంటున్నాను. నాకు షుగరు ఉంది. మా వైద్య బీమా అమ్మాయి కంపెనీదే. సరే అనాలా, వద్దనాలా?

జవాబు: మాస్టారూ, మీరు వద్దన్నంత మాత్రాన అమ్మాయి ఆగుతుందని నాకు అనిపించడం లేదు. అందుకని, మీరు ఉత్తరంలో ఒక్క ముక్కలో దాటేసిన బీమాతో మొదలుపెడతాను. ఉద్యోగంతో పాటే కంపెనీ బీమా కూడా పోతుంది. అప్పుడు కొత్త పాలసీ తీసుకుంటే, ముందునుంచీ ఉన్న షుగరుకు సంబంధించిన చికిత్సకు మూడేళ్ల దాకా డబ్బు రాకపోవచ్చు. రాజీనామా ఇవ్వకముందే మీ దంపతులకు విడిగా పాలసీ తీసుకోండి. ఇప్పుడున్న బీమా సంస్థలోనే సొంత పాలసీకి మారే వీలుందేమో అమ్మాయిని కనుక్కోమనండి. అలాగే ఉద్యోగం మానేటప్పుడు కంపెనీ ఇచ్చే గ్రాట్యుటీకి ఐదేళ్ల సర్వీసు కావాలి. ఇంకో ఐదు నెలలు ఆగితే పోయేదేమీ లేదు. కంపెనీ షేర్లు ఏమైనా రావలసి ఉంటే ఆ తేదీలు కూడా చూసుకోమనండి.

ఇక అసలు సంగతి. మీరూ అమ్మాయీ నెలనెలా జీతం చూసినవాళ్లు. మీ చుట్టుపక్కల ఉద్దానంలో జీడితోట ఉన్న రైతుకు డబ్బు ఏడాదికోసారి, వేసవిలో పిక్కలు, అంటే పెంకు తీయని జీడిగింజలు, అమ్మినప్పుడు కనిపిస్తుంది. 2018లో తిత్లీ తుపానుకు తోటలు కూలినవాళ్లకు అదీ లేకపోయింది. వ్యాపారంలో దిగాక మీ అమ్మాయి లోకం కూడా ఆ రైతుదే. ఆదాయం తగ్గుతుందని ఆమె ఊహించే ఉంటుంది. అది ఎప్పుడు వస్తుందో తెలియకపోవడాన్ని మాత్రం ఊహించి ఉండదు.

కిలో ఎనిమిది వందలనుకుని 500 కిలోల పప్పు కొంటే నాలుగు లక్షలు. కొత్త మనిషికి ఫ్యాక్టరీ యజమాని అరువివ్వడు, నగదే అడుగుతాడు. దీపావళి కానుకల కోసం ఏదో కంపెనీ ఆ సరుకు మొత్తం కొంటుంది, నెలన్నర తర్వాత డబ్బిస్తానంటుంది. ఈలోగా ఇంకో ఆర్డరు వస్తుంది, మరో నాలుగు లక్షలు పెట్టాలి. ఎనిమిది లక్షలు చిక్కుకున్నాయి. నష్టం ఎక్కడా లేదు, పైగా లాభమే. అయినా ప్యాకింగ్ చేసేవాళ్లకు కూలి ఇవ్వడానికి తడుముకోవాలి. మంచి సరుకున్న వ్యాపారాలు మూతపడటం వెనుక చాలాసార్లు ఈ కథే ఉంటుంది.

పిక్కలు కొట్టించే పనిలోకి ఇప్పుడే దిగవద్దని మాత్రం గట్టిగా చెప్పండి. మీ ఊరివారికి నేను చెప్పాలా గానీ, 80 కిలోల బస్తాకు చేతికొచ్చే పప్పు ఇరవై కిలోల పైచిలుకు. అందులో విరగని గుండ్లను ఆన్‌లైన్‌లో అమ్ముకోవచ్చు. రెండుగా విడిన బద్దలకూ ముక్కలకూ మిఠాయి దుకాణాలు వెతుక్కోవాలి. పైగా ఏడాదికి సరిపడా పిక్కలు సీజన్‌లోనే కొని పెట్టుకోవాలి. తయారైన పప్పు కొంటే తనకు కావలసిన గ్రేడే కొనుక్కోవచ్చు. ఆహార లైసెన్సు, జీఎస్టీ లాంటివి ఆడిటరు చూసుకుంటారు, వాటికి భయపడనక్కర్లేదు.

మీ పది లక్షల మాటకొస్తే, ఇవ్వకండి. రెండు లక్షలిచ్చి, అవి తిరిగి రావని ఇప్పుడే అనుకోండి. బ్యాంకులో హామీ సంతకం అసలే పెట్టవద్దు. చిన్న వ్యాపారాలకు బ్యాంకులిచ్చే ముద్ర రుణంలో పది లక్షల దాకా తనఖా అడగరు, అవసరమైతే ఆమే తీసుకుంటుంది. మీరివ్వగలిగిన పెద్ద పెట్టుబడి మీ ఇల్లే. అద్దె లేకుండా, అమ్మ వంట తింటూ గడిపే ఏడాది విలువ బెంగళూరు ఖర్చుతో పోల్చి చూస్తే మీకే తెలుస్తుంది.

ఈ ఐదు నెలల్లో కంపెనీ అనుమతి రాతపూర్వకంగా అడిగి, చిన్నగా అమ్మి చూడమనండి. నియామక పత్రంలో సొంత వ్యాపారం కూడదనే షరతు చాలాసార్లు ఉంటుంది, ముందు అది చదవాలి. అనుమతి రాకపోతే సెలవు పెట్టి కాశీబుగ్గ వర్తకుల దగ్గర కూర్చుని కొనుగోలు నేర్చుకోవడమైనా పనికొస్తుంది. అమ్మకం మొదలైతే మూడు నెలల తర్వాత నాకు రాయండి. ఎంతమంది కొన్నారో నాకొద్దు, వాళ్లలో సగం మీ చుట్టాలే అయి ఉంటారు. రెండోసారి కొన్నవాళ్లు ఎందరో చెప్పండి.