ట్రైలర్ లాగితే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఎక్కడ కాగుతుంది: ఘాట్‌లో కంటే గుంట గట్టు మీదే ఎక్కువ

గిద్దలూరు అన్న అడిగింది ఇది. ఆటోమేటిక్ పికప్‌కు కంప్రెసర్ ట్రైలర్ తగిలించుకుని నంద్యాల వైపు నల్లమల ఘాట్ ఎక్కుతుంటే గేర్‌బాక్స్ ఆయిల్ వేడెక్కిందని లైటు వెలిగింది. వెంటనే పక్కకు తీసి ఇంజన్ కట్టేశారు. గంట తర్వాత స్టార్ట్ చేస్తే లైటు లేదు. ఇప్పుడు బయట కూలర్ బిగిస్తే సరిపోతుందా, లేక ఈ బండి అమ్మేసి గేర్ల బండి కొనుక్కోవాలా అని.

బండి అమ్మకండి. కూలర్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ వేడి ఎక్కడ పుడుతోందో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. నాకు తెలియక గేర్‌బాక్స్ విప్పించుకునే దాకా వచ్చింది. అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను.

మాది ఇందుకూరుపేట వైపు, రొయ్యల సాగు. కరెంటు పోతే ఏరియేటర్లు, అంటే గుంట నీళ్ళను చిలికి గాలి కలిపే చక్రాలు, ఆగిపోతాయి. అది తెల్లవారుజామునైతే ఆక్సిజన్ పడిపోయి రొయ్య పైకి తేలడానికి ఎంతోసేపు పట్టదు. అందుకని మా గుంటలకూ మా బావ గుంటలకూ కలిపి ఒక 62.5 కేవీఏ జనరేటర్‌ను ట్రైలర్ మీద పెట్టుకున్నాం. కాటా వేయిస్తే ట్రైలర్‌తో కలిపి 2 టన్నులకు కాస్త తక్కువ తూగింది. దాన్ని అటూ ఇటూ లాగడం నా పికప్ పని.

రెండేళ్ళ కిందట, మే నెల చివర. సాయంత్రం ఈదురుగాలి, ఆపైన గంటసేపు వాన. స్తంభాలు పడిపోయి ఊళ్ళన్నీ చీకటి. రాత్రి రెండు గంటలప్పుడు బావ ఫోన్ చేశాడు, జనరేటర్ తీసుకుని రమ్మని. వెళ్ళాను. గట్టు మీద బండి తిప్పుకునే చోటు లేదు, ట్రైలర్‌ను రివర్స్‌లోనే పెట్టాలి. తడిసిన బంకమట్టి. ట్రైలర్ ఒకసారి కుడికి మడత పడుతుంది, ఒకసారి ఎడమకు. ముందుకు తీస్తాను, మళ్ళీ రివర్స్, మళ్ళీ ముందుకు. టైరు జారితే ఇంకొంచెం తొక్కుతాను. ఇలా అరగంట. చివర్లో మాడు వాసన వచ్చింది. క్లచ్ ప్లేట్ కాలే వాసన కాదు, పెనం మీద చక్కెర మాడినట్టు. ఇంకోసారి రివర్స్ వేసి తొక్కాను. ఇంజన్ రేజ్ అయింది గానీ బండి కదల్లేదు.

జనరేటర్‌ను ట్రాక్టర్ పెట్టి లాగించాం. రొయ్యకు ఏమీ కాలేదు. నా బండిని మాత్రం నెల్లూరు ఆటోనగర్‌కు ఇంకో బండి మీద ఎక్కించుకుని పోవాల్సి వచ్చింది.

అక్కడి మెకానిక్ రెండు చుక్కలు చూపించాడు. తెల్లకాగితం మీద ఒకటి కొత్త ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్), దానిమ్మ గింజ నలిపినట్టు ఎర్రగా. పక్కనే నా బండిలోంచి తీసింది, చిక్కటి డికాషన్. కాగితం ఎండబెట్టి వేలితో రాస్తే నల్లటి పొడి తగిలింది. గేర్‌బాక్స్ లోపలి క్లచ్ ప్లేట్ల మీద ఉండే పూత అరిగి ఆయిల్‌లో కలిసింది అదే. "ఏందబ్బయ్యా, ఇట్టా మాడబెట్టావు? ఘాట్ ఎక్కినావా?" అన్నాడు. ఘాట్ కాదు, గట్టు అన్నాను. నవ్వలేదు. "గట్టే చంపుద్ది" అన్నాడు.

ఎందుకంటే మన ఆటోమేటిక్ పికప్‌లలో ఇంజన్‌కూ గేర్లకూ మధ్య మన గేర్ల బండిలో ఉండే క్లచ్ ఉండదు, టార్క్ కన్వర్టర్ ఉంటుంది. మా గుంటలో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. ఒక ఏరియేటర్ తిరుగుతుంటే ఆ నీళ్ళ ఊపుకు ఎదురుగా ఆపి ఉంచిన రెండో ఏరియేటర్ చక్రం కూడా నెమ్మదిగా కదులుతుంది. కన్వర్టర్ లోపల జరిగేది ఇదే, నీళ్ళ బదులు ఆయిల్. మొదటి చక్రం ఇంజన్‌ది, రెండోది గేర్‌బాక్స్‌ది. రెండూ దాదాపు ఒకే వేగంతో తిరిగితే నష్టం తక్కువ. మొదటిది గిరగిరా తిరుగుతూ రెండోది కదలకపోతే ఇంజన్ శక్తి అంతా ఆయిల్‌ను చిలకడానికే పోతుంది. చిలికితే వేడి.

ఎంత వేడో ఒక లెక్క వేసుకోండి. బరువు కదలక మొరాయిస్తున్నప్పుడు యాక్సిలరేటర్ తొక్కి పట్టుకుంటే ఇంజన్ 40 హార్స్‌పవర్ ఇస్తోంది అనుకుందాం. అది 30 కిలోవాట్లు. ఇంట్లో గీజర్ 2 కిలోవాట్లు. అంటే 15 గీజర్లు కలిపి గేర్‌బాక్స్‌లో ఉన్న పది లీటర్ల లోపు ఆయిల్‌ను కాస్తున్నట్టు. బండి కదలడం లేదు కాబట్టి రేడియేటర్‌కు గాలి కూడా లేదు. అరగంట ఆ పని చేశాక ఆయిల్ మాడకుండా ఎలా ఉంటుంది?

వేగం అందుకున్నాక కన్వర్టర్ లోపల లాకప్ క్లచ్ అని ఒకటి పడుతుంది. అది పడితే రెండు చక్రాలూ ఒకటై తిరుగుతాయి, జారుడు ఉండదు. హైవే మీద ట్రైలర్ లాగుతున్నా వేడి పెద్దగా పెరగకపోవడానికి కారణం అదే. ఘాట్‌లో మీకు జరిగింది ఏమిటంటే, గేర్ సెలెక్టర్ డీ (డ్రైవ్)లో పెట్టి వదిలేసి ఉంటారు. గేర్‌బాక్స్ డీజిల్ ఆదా చేయాలని పెద్ద గేర్ వేస్తుంది. ఎక్కుడు, పైన ట్రైలర్ బరువు, ఇంజన్ ఆ గేర్‌లో గుంజలేదు. లాకప్ వదిలేస్తుంది, గేర్ దింపుతుంది, మలుపు దాటగానే మళ్ళీ పెంచుతుంది. ఈ పెంచడం, దింపడం, లాకప్ పడడం, వదలడంతోనే ఆయిల్ కాగుతుంది.

నా బండి బాగయ్యాక మొదట కొన్నది కూలర్ కాదు. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌లో పెట్టే చిన్న బ్లూటూత్ పరికరం. దాంతో గేర్‌బాక్స్ ఆయిల్ వేడి ఫోన్‌లో అంకెగా కనిపిస్తుంది. డాష్‌బోర్డు మీది లైటును నమ్ముకుంటే ఆలస్యమే, అది పరిస్థితి బాగా ముదిరాక వెలుగుతుంది. పరికరం కొనేముందు మీ మోడల్‌కు ఆ రీడింగ్ వస్తుందో లేదో చూసుకోండి, అన్నిటికీ రాదు.

నా ఫోన్‌లో కనిపించిన అంకెలు చెబుతాను. నెల్లూరు నుంచి కావలికి జాతీయ రహదారి మీద, జనరేటర్ తగిలించుకుని 75, 80 వేగంలో: 92 నుంచి 96 డిగ్రీలు. ఎండ 43 ఉన్న రోజు కూడా అంతే. చిట్వేలు అవతల చుట్టాల పెళ్ళికి జనరేటర్ తీసుకుపోతూ రాపూరు ఘాట్‌లో డీలోనే పెట్టి ఎక్కాను, చూద్దామని. సగం దూరానికే 117. ఒకచోట ఆపి చల్లారనిచ్చి, మిగతా సగం మాన్యువల్ మోడ్‌లో మూడో గేర్ దాటనివ్వకుండా, మలుపుల్లో రెండులో ఎక్కాను. ఇంజన్ 2,200, 2,500 మధ్య తిరుగుతూ కాస్త మోత పెట్టింది. వేడి 106 దగ్గర నిలబడింది. అదే బండి, అదే బరువు, అదే ఎండ. ఇంజన్ మోత విని భయపడతాం గానీ ఆ మోత గేర్‌బాక్స్‌కు మంచిదే. గట్టు మీద రివర్స్‌లో అయితే ఐదారు నిమిషాల్లో 98 నుంచి 121కి పోయింది. ఘాట్‌లో అంత తొందరగా ఎక్కడా పెరగలేదు.

120 దాటాక ఆయిల్ తొందరగా చచ్చిపోతుంది. మెకానిక్కులు చెప్పే మోటు లెక్క ప్రకారం ఇంచుమించు ప్రతి పది డిగ్రీలకూ ఆయిల్ ఆయుష్షు సగమవుతుంది. అందుకని 110 వస్తే నేను తొక్కడం తగ్గిస్తాను, 115 అయితే ఆపేస్తాను.

ఆపడం అంటే ఇంజన్ కట్టేయడం కాదు. మీరు చేసిన పొరపాటు అక్కడే. ఇంజన్ కట్టేస్తే గేర్‌బాక్స్ పంపు ఆగుతుంది, కాగిన ఆయిల్ కూలర్‌కు పోకుండా ఉన్నచోటే ఉడుకుతుంది. హ్యాండ్‌బ్రేక్ వేసి, ట్రైలర్ చక్రాల వెనక రాళ్ళు పెట్టి, న్యూట్రల్‌లోనో పార్క్‌లోనో ఇంజన్ నడవనివ్వాలి. ఏసీ ఆపేయాలి. కొద్దిగా రేజ్ ఇచ్చి 1,200, 1,500 దగ్గర ఉంచితే ఇంకా తొందరగా దిగుతుంది. పది, పదిహేను నిమిషాలు చాలు. ఇంజన్ వేడి ముల్లు కూడా ఎర్రగీతలోకి పోయినా, కింద ఆయిల్ కారుతున్నా అప్పుడు మాత్రం కట్టేయాల్సిందే. కేసింగ్ మీద చల్లనీళ్ళు కొట్టే పని పెట్టుకోకండి. ఇంకోటి, నల్లమలలో వేసవిలో రోడ్డు పక్కంతా ఎండుటాకులు. కాలిపోతున్న సైలెన్సర్‌ను వాటి మీద నిలపకండి, అడవి అంటుకుంటుంది. మట్టి తేలిన చోటు చూసుకుని ఆపండి.

గట్టు విషయానికి వస్తే, ఫోర్‌బైఫోర్ బండి ఉండి కూడా లో రేంజ్ వాడకపోవడం నా తెలివితక్కువ. అది బురదలో ఇరుక్కున్నప్పుడే అనుకునేవాణ్ణి. లో రేంజ్‌లో చక్రాలకు పోయే గుంజుడు రెండున్నర రెట్లు పెరుగుతుంది, అంటే కన్వర్టర్ మీద ఆ మేరకు భారం తగ్గుతుంది. ఇప్పుడు గట్టు ఎక్కేముందే 4ఎల్ (ఆ లో రేంజే) వేస్తాను. యాక్సిలరేటర్ మీద కాలు పెట్టకుండానే బండి ట్రైలర్‌ను వెనక్కి నెట్టుకుంటూ పోతుంది. మట్టి మీద, ఇసుక మీద మాత్రమే వాడండి. తారు రోడ్డు మీద మలుపులు తిప్పితే వేరే సామాను విరుగుతుంది. ఎక్కుడులో ఆగి ఉన్నప్పుడు బండి వెనక్కి పోకుండా యాక్సిలరేటర్‌తో పట్టి ఉంచే అలవాటు కొందరికి ఉంది, అది గట్టు మీద నేను చేసిన పనే. బ్రేక్ ఉంది కదా.

ఇప్పుడు కూలర్. మన బండ్లలో చాలావాటికి గేర్‌బాక్స్ ఆయిల్ రేడియేటర్ నీళ్ళతోనే చల్లబడుతుంది. ఆ నీళ్ళే ఇంచుమించు 90 డిగ్రీలు ఉంటాయి కాబట్టి ఆయిల్ అంతకంటే పెద్దగా కిందకు దిగదు. ముందు గ్రిల్ వెనక, ఏసీ కండెన్సర్ ముందు విడిగా కూలర్ బిగిస్తే ఆయిల్‌కు బయటి గాలి తగులుతుంది, ఎండ 44 అయినా సరే 90 కంటే అది చల్లనే. రేడియేటర్‌లోంచి వచ్చిన ఆయిల్ దీనిలోకి పోయి అక్కణ్ణుంచి గేర్‌బాక్స్‌కు తిరిగి వెళ్ళేలా వరసలో కలపాలి. నేను పెట్టించాను. ఘాట్‌లో ఎనిమిది, తొమ్మిది డిగ్రీలు తగ్గింది. గట్టు మీద మాత్రం తేడా లేదు, బండి కదలకపోతే గాలెక్కడిది? తర్వాత దానికి చిన్న కరెంటు ఫ్యాన్ పెట్టించాక అక్కడా పనికొచ్చింది. పైపుల దగ్గర కక్కుర్తి వద్దు, డీజిల్ పైపు ముక్క వేసి క్లిప్ బిగిస్తామంటారు, ఏటీఎఫ్ వేడికి తట్టుకునే హోసే వేయించండి. వారంటీ ఉన్న బండి అయితే ముందు సర్వీసు సెంటర్‌లో అడగండి.

కూలర్‌కు డబ్బు పెట్టేముందు ఉన్న రేడియేటర్ ముఖం చూడండి. మా వైపు ఉప్పుగాలికి ఫిన్లు (దాని మీది పలచటి రేకులు) పొడిపొడిగా రాలిపోతాయి. మీ వైపు రాతిదుమ్ము, వరికోతలప్పుడు ఊక. లోపలి వైపు నుంచి బయటికి, తక్కువ ప్రెషర్‌తో నీళ్ళు కొట్టించండి, ఎక్కువ ప్రెషర్ పెడితే ఫిన్లు పడుకుంటాయి. నాకు ఒకసారి చదును రోడ్డు మీదే వేడి 104 చూపించింది, ఎందుకో అర్థం కాలేదు. ట్రైలర్ చక్రాల మధ్య హబ్‌ల దగ్గర చెయ్యి పెట్టి చూస్తే ఎడమది గోరువెచ్చగా ఉంది, కుడిది చెయ్యి పెట్టనివ్వలేదు. వానాకాలమంతా గట్టు మీద నిలబడి బ్రేక్ షూ పట్టేసింది. అన్నాళ్ళూ ఒక బ్రేక్ వేసుకుని లాగాను.

గేర్ల బండి అయితే ఈ గోల ఉండదనుకుంటారు. మా బావది గేర్ల పికప్. అదే గట్టు మీద, అదే ట్రైలర్‌తో, సగం క్లచ్ మీద ఆడించి ఆడించి ప్లేటు కాల్చేశాడు. బాగుకు ఖర్చు నాకంటే తక్కువైంది, అది ఒప్పుకోవాల్సిందే.

ఈ వారం మీరు చేయాల్సింది ఆయిల్ చూపించడం. మీ బండికి డిప్‌స్టిక్ లేకపోవచ్చు. అలాంటివాటికి ఆయిల్ కంపెనీ చెప్పిన వేడిలో ఉన్నప్పుడు కింద ప్లగ్ విప్పి లెవెల్ చూడాలి, కాబట్టి ఆ పని తెలిసినవాళ్ళ దగ్గరికే పోండి. ఎర్రగా ఉంటే వదిలేయండి. గోధుమరంగుకు తిరిగి మాడు వాసన వస్తే మార్పించండి. 'లైఫ్‌టైమ్ ఆయిల్, మార్చక్కర్లేదు' అనే మాట ట్రైలర్ లాగే బండికి వర్తించదు, బండితో వచ్చిన మాన్యువల్ పుస్తకంలో బరువు పనికి వేరే లెక్క రాసి ఉంటుంది. మీ కంప్రెసర్‌ను కాటా వేయించి, బండికి ఎంత లాగే హక్కుందో అందులోనే చూసుకోండి. ట్రైలర్‌కూ విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలని మీకు తెలిసే ఉంటుంది.

లైటు వెలిగాక ఆగేలోపు ఎంత దూరం నడిపారో మీరు రాయలేదు. అర కిలోమీటరా, ఐదు కిలోమీటర్లా? అది, కాగితం మీద చుక్క ఏ రంగులో వచ్చిందో, ఈ రెండూ రాయండి అన్నా, మిగతాది అప్పుడు చెబుతాను.