రోగనిరోధక కణాలపై పరిశోధనకు ఎంబీబీఎస్ కావాలా?

ప్రశ్న: అనంతపురంలో బీఎస్సీ కెమిస్ట్రీ చదివి, ప్రస్తుతం బెంగళూరులో బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీ మొదటి సంవత్సరంలో ఉన్నాను. రోగనిరోధక కణాల ఉపరితలంపై ఉండే ప్రొటీన్ల మీద పరిశోధన చేయాలని ఉంది. డాక్టర్లకు తప్ప ఇందులో భవిష్యత్తు లేదని బంధువులు అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, యశవంతపుర

జవాబు: నిజం కాదు. రోగనిరోధక కణాల్లో ఒక రకమైన టి-కణాల దూకుడుకు కళ్లెం వేసే ఉపరితల ప్రొటీన్లపై చేసిన కృషికి 2018లో నోబెల్ బహుమతి పంచుకున్న ఇద్దరిలో, పీడీ-1 అనే ప్రొటీన్‌ను కనుగొన్న తసుకు హోంజో వైద్యవిద్య చదివినవారే గాని, సీటీఎల్ఏ-4 అనే మరో ప్రొటీన్‌ను అడ్డుకుని క్యాన్సర్ చికిత్సకు దారి చూపిన జేమ్స్ ఆలిసన్ వైద్యుడు కారు. అంతకు చాలా ముందే, 1975లో జార్జెస్ కోలర్‌తో కలిసి మోనోక్లోనల్ యాంటీబాడీల (ఒకే లక్ష్యానికి అంటుకునే ఒకే రకం ప్రతిరక్షకాల) తయారీ పద్ధతిని ప్రకటించిన సీజర్ మిల్‌స్టీన్ మీలాగే రసాయనశాస్త్రం నుంచి వచ్చినవారు. ఉపరితల ప్రొటీన్లను బట్టి సీడీ4, సీడీ8 అని కణాలను ఇవాళ గుర్తుపట్టగలుగుతున్నామంటే ఆ యాంటీబాడీల చలవే.

మీరుంటున్న నగరంలోనే, బళ్లారి రోడ్డులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లో, కణపొర అమరికపై పేరుపొందిన పరిశోధన చేసిన సత్యజిత్ మేయర్ కూడా ఐఐటీ బొంబాయిలో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేసినవారే. ఆ కృషిలో ఆయనకు తోడుగా నిలిచిన మదన్ రావు భౌతికశాస్త్రవేత్త.

కనుక డిగ్రీ పేరు గురించి బెంగ వద్దు. చేతిపని గురించి మాత్రం పట్టించుకోండి. ఈ రంగంలో నిత్యం వాడే ఫ్లో సైటోమెట్రీలో, మెరిసే రంగు తగిలించిన యాంటీబాడీలను కణాలకు అంటించి, వాటిని ఒక్కొక్కటిగా లేజర్ ముందు నుంచి పంపుతారు. ఆ మెరుపును బట్టి ఏ కణంపై ఏ ప్రొటీన్ ఉందో తెలుస్తుంది. వినడానికి తేలికే. అయితే కణాలున్న గొట్టాన్ని మంచులో ఉంచకపోతే యాంటీబాడీ అంటిన ప్రొటీన్‌ను కణం లోపలికి లాగేసుకోవచ్చు. చచ్చిన కణాలేమో ఏ యాంటీబాడీనైనా అంటించుకుని, లేని ప్రొటీన్‌ను ఉన్నట్టు చూపిస్తాయి. చచ్చినవాటిని వేరే రంగుతో గుర్తించి లెక్కలోంచి తీసేశాకే ఫలితాన్ని నమ్మాలి. తెరపై అందంగా విడిపోయిన చుక్కల (ఒక్కో చుక్క ఒక్కో కణం) గుంపులను చూసి మురిసిపోయే విద్యార్థుల కంటే, వాటిని అనుమానించేవారే ఈ పనికి తగినవారని నా అభిప్రాయం.

పీహెచ్‌డీకి సీఎస్ఐఆర్–యూజీసీ నెట్‌లో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) సాధిస్తే ఆర్థిక సాయం చేతిలో ఉంటుంది. దానికి చదువుతూనే, రెండో ఏడాది ప్రాజెక్టును ఫ్లో సైటోమెట్రీ వాడే ల్యాబ్‌లో చేయడానికి ఇప్పటినుంచే ప్రయత్నించండి. లేఖ రాసేటప్పుడు ఆ ల్యాబ్ ప్రచురించిన ఒక వ్యాసం చదివి, అందులో మీకు అర్థంకాని ఒక విషయాన్ని సూటిగా అడగండి. మార్కుల జాబితా కంటే ఆ ఒక్క ప్రశ్నకే జవాబు వచ్చే అవకాశం ఎక్కువ.