స్మార్ట్ అంటే అందమా, తెలివా, మంటా?

ప్రశ్న: మా అమ్మాయికి సంబంధం తెచ్చిన పెద్దాయన ‘అబ్బాయి చాలా స్మార్ట్’ అన్నారు. తెలివైనవాడని సంతోషించాం. తీరా చూస్తే ఆయన చెప్పింది అందం గురించట. అమ్మాయి ఆఫీసులోనేమో లండన్ వాళ్లతో మీటింగుకి ‘స్మార్ట్‌గా రండి’ అని మెయిల్ వచ్చింది. డిక్షనరీ తీస్తే ‘మండుట’ అని కూడా ఉంది. ఇందులో ఏది నిజం?
- ఒక తల్లి, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: అన్నీ నిజమేనమ్మా. అన్నిటికంటే పాతది మాత్రం మీరు చివర చెప్పిన మంటే.

ఈ సంగతి నాకు డిక్షనరీకంటే ముందు మోకాలు చెప్పింది. బెంగళూరు వచ్చిన కొత్తలో ఫ్రేజర్ టౌన్‌లో సైకిల్ మీంచి పడ్డాను. క్లినిక్‌లో ఆంగ్లో ఇండియన్ నర్సమ్మ దూదిని టింక్చర్‌లో ముంచి ‘ఇట్ విల్ స్మార్ట్ ఎ లిటిల్’ అంది. అప్పటికి నాకు తెలిసిన స్మార్ట్ అందం ఒక్కటే. దూది తగలగానే చురుక్కుమంది.

వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో స్మార్ట్ అంటే నొప్పి పుట్టించేది. బెత్తం దెబ్బకు ఆ మాట వాడేవారు. జర్మన్‌లో నొప్పిని నేటికీ ‘ష్మెర్ట్స్’ అంటారు. రెండూ ఒక తల్లి బిడ్డలే. చురుగ్గా తగిలే దెబ్బ నుంచి చురుకైన మనిషికి, 17వ శతాబ్దానికి తెలివైన మనిషికి, ఆ తర్వాత నీటుగా తయారైన మనిషికి ఆ మాట పాకింది.

మన ‘చురుకు’నే చూడండి. ఎండ చురుక్కుమంటుంది. మాటతో పొడిస్తే చురక అంటించాడంటాం. చదువులో ముందుండే పిల్లాడు చురుకైనవాడు. మంటా, తెలివీ ఒకే మాటలో! ఎక్కడి ఇంగ్లండు, ఎక్కడి తెలుగు! ఈ పోలిక గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇక వాడుక. బ్రిటిష్ వాళ్లు బట్టల తీరుని ఎక్కువగా స్మార్ట్ అంటారు. మీ అమ్మాయి చక్కగా ఇస్త్రీ చేసిన బట్టల్లో వెళ్తే చాలు, టెన్షన్ పడక్కర్లేదు. అమెరికా వాళ్లకి స్మార్ట్ అంటే తెలివి; ఫోన్‌కి ముందు చేరింది ఈ అర్థమే. మన దగ్గర ముఖంలో కళ. ‘ఓవర్ స్మార్ట్’ అంటే అతి తెలివి, అది తిట్టు.

పెళ్లి మాటల్లో మాత్రం ఈ పదం వద్దని నా గట్టి అభిప్రాయం. ఆ పెద్దాయనకి మళ్లీ ఫోన్ చేయండి. అబ్బాయి ఏం చదివాడు, నలుగురిలో ఎలా ఉంటాడు, ఇంట్లో వాళ్లతో ఎలా మాట్లాడతాడు, అన్నీ తెలుగులోనే అడగండి.